మైకేల్ ఫారడే

మంజీరానదికి అడ్డముగా 1923వ సంవత్సరము మొదలు 1931 వరకు నిర్మింపబడిన నిజాంసాగరము తెలంగాణమున పేరుగాంచిన జలాశయములలో నొకటి. నవాబ్ అలీ నవాజ్ జంగు బహదూరు అను ఇంజనీరు ఆధ్వర్యమున అది కట్టబడెను. దాని నీరు కాలువల వెంట ప్రవహించి బోధను, నిజామాబాదు ప్రాంతముల పొలములకు ప్రాణము పోసెను. ఆ నీటి యండతో అచ్చట వరియు, చెరకును విరివిగా పండసాగెను. 1937లో బోధను చేరువనున్న శక్కర్‌నగరులో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. పెక్కు కుటుంబములకు అన్నము పెట్టిన ఆ కర్మాగారము 2015లో మూతపడినది.

ఆ ప్రాంతపు రైతుబిడ్డలకు ఒక సంగతి ఎవ్వరును చెప్పకయే తెలియును. నీరు మెరకనుండి పల్లమునకు పారును. మట్టము సమానమైనచోట నీరు కదలదు. రెండు మడులలో నీరు హెచ్చుతగ్గుగా నున్నప్పుడు నడిమి గట్టునకు గండి పెట్టినచో, ఒకదానినుండి మరొకదానిలోనికి నీరు పారి, రెండును సమమైన పిదప నిలిచిపోవును. విద్యుత్తునకును ఇట్టి స్వభావమే కలదు. దానికిని ఒక మట్టము కలదు. దానినే శాస్త్రజ్ఞులు పొటెన్షియలు అందురు. ఆ మట్టములో హెచ్చుతగ్గులున్న రెండు చోట్ల నడుమనే విద్యుత్తు ప్రవహించును, నిప్పురవ్వలు రాల్చును, మనుష్యుని ప్రాణమును తీయును. మట్టము సమానమైనచోట అది ఏ హానియు చేయజాలదు. ఈ సత్యమును తానే ప్రయోగములోనికి ప్రవేశించి లోకమునకు చూపిన మహనీయుడు మైకేల్ ఫారడే. నేడు ఇండ్లలోని గ్యాసు గొట్టమును రాగితీగతో ఎర్తునకు కలుపవలెనను నియమము కలదు. ఆ నియమమునకు మూలము వెదకినచో అది ఈ మహనీయుని జీవితములో కానవచ్చును.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండు దేశమున, లండను నగరపు శివారునందలి న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్స్ కమ్మరి, తల్లి మార్గరెట్. నలుగురు బిడ్డలలో మైకేల్ మూడవవాడు. తండ్రి తరచు జబ్బుపడుచుండుటచే కొలిమిపని సరిగా సాగెడిది కాదు. 1801లో ధాన్యపు ధరలు మండిపోయినప్పుడు తొమ్మిదేండ్ల మైకేలునకు వారమున కొక రొట్టె మాత్రమే లభించెను. ఆ యొక్క రొట్టెతోనే అతడు ఏడు దినములు గడుపవలసి వచ్చెను. చదువుట, వ్రాయుట, చిన్న చిన్న లెక్కలు చేయుట నేర్చినంతనే అతని బడిచదువు ముగిసెను.

1804లో మైకేల్ రీబో అను నతని పుస్తకాల దుకాణములో పనికి కుదిరెను. తెల్లవారకమునుపే లేచి వార్తాపత్రికలను ఇంటింటికి చేర్చుట అతని పని. బాలుని బుద్ధిమంతనమును చూచి యజమాని మెచ్చుకొనెను. మరుసటి సంవత్సరము రుసుము పుచ్చుకొనకయే అతనిని ఏడేండ్ల గడువునకు బైండింగుపనిలో శిష్యునిగా చేర్చుకొనెను. పగలు బైండింగునకు వచ్చిన పుస్తకములను కుట్టుట, రాత్రి వానినే చదువుట అతనికి అలవాటయ్యెను. ఒక విజ్ఞానసర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసము అతని కంటబడెను. జేన్ మార్సెట్ అను విదుషి రసాయనశాస్త్రమును గూర్చి సంభాషణల రూపమున రచించిన గ్రంథమును అతడు మిక్కిలి శ్రద్ధతో చదివెను. చదివినదానిని చదివినట్లే నమ్ముట అతని స్వభావము కాదు. చేతనున్న కొద్దిపాటి డబ్బుతో సామగ్రి కొని, సీసాలతో చిన్న విద్యుద్యంత్రమును తయారుచేసి, గ్రంథములోని మాట నిజమో కాదో పరీక్షించి చూచెడివాడు.

1810లో లండనులో టేటమ్ అను విద్వాంసుడు తన యింటిలో శాస్త్రోపన్యాసములు ఇచ్చుచుండెను. ఒక్కొక్క ఉపన్యాసమునకు రుసుము ఒక షిల్లింగు. శిష్యరికములో నున్న మైకేలు వద్ద అంత సొమ్ము లేకుండెను. అతని యన్న రాబర్టు తండ్రివలెనే కమ్మరిపని చేయుచుండెను. రాబర్టు తన కష్టార్జితమునుండి షిల్లింగు వెంట షిల్లింగు తీసి తమ్ముని చేతిలో పెట్టెను. ఆ యేటనే తండ్రి మరణించెను. సంసారభారమంతయు తనపై పడినను, తమ్ముని విద్యాభిలాష వ్యర్థమని రాబర్టు ఎన్నడును తలంపలేదు. అన్న చేసిన ఈ మేలును ఫారడే మరువలేదు.

1812లో దుకాణమునకు వచ్చు నొక పెద్దమనిషి ఆ యువకుని శ్రద్ధను గమనించి, రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చు నాలుగు ఉపన్యాసములకు టిక్కెట్లు బహూకరించెను. డేవీ ఆ కాలమున ఇంగ్లండులోని రసాయనశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు. ఫారడే ఉపన్యాసములను విని, ప్రతి విషయమును వ్రాసికొని, చిత్రములు చేర్చి, ఆ కాగితములను తానే చక్కని పుస్తకముగా కుట్టెను. శాస్త్రసేవలో తన కేదైన పని ఇప్పింపుడని వేడుచు దానిని డేవీకి పంపెను. డేవీ ఆదరముతో మాటాడెను గాని, శాస్త్రము కూడుపెట్టదనియు, బైండింగుపనిని విడువవలదనియు హితవు చెప్పెను. కొన్ని నెలలకు ప్రయోగశాలలోని సహాయకుడు తొలగింపబడుటచే ఆ స్థానము ఖాళీ అయ్యెను. 1813 మార్చి 1వ తేదీన ఫారడే అందు నియమింపబడెను. వారమునకు ఇరువదియైదు షిల్లింగుల జీతము, మేడపై రెండు గదులు లభించెను. ఆ భవనమే నాటినుండి దాదాపు అర్ధశతాబ్దము అతనికి కర్మక్షేత్ర మయ్యెను.

ఆ సంవత్సరపు శరత్కాలమున డేవీ దంపతులతో ఫారడే ఐరోపాఖండయాత్రకు బయలుదేరెను. యాత్రలో డేవీ భార్య అతనిని పనివానివలె చూచుచుండెను. మనసు నొచ్చినను ఫారడే సహించెను. ఏలయన, ఫ్రాన్సు, ఇటలీ దేశములలోని మహాశాస్త్రజ్ఞుల దర్శనము ఆ యాత్రవలననే లభించినది. విద్యుత్ ఘటమును కనుగొనిన వోల్టాను అతడు మిలాను నగరమున చూచెను. 1815లో లండను చేరిన పిదప మరల ప్రయోగశాలలో పనిలో చేరెను.

1821లో ఫారడే సారా బర్నార్డు అను యువతిని వివాహమాడెను. ఆ సంవత్సరమే, విద్యుత్తు ప్రవహించు తీగ అయస్కాంతము చుట్టు తిరుగునని ప్రయోగపూర్వకముగా చూపెను. నేటి మోటారులన్నింటికిని అదియే ఆదిబీజము. 1823లో క్లోరిను వాయువును ద్రవముగా మార్చెను. ఇట్టి పనులలో అపాయములు తక్కువ కావు. ఒత్తిడికి గాజునాళములు పగిలి ముక్కలు కంటిలో గుచ్చుకొనిన సందర్భములు కూడ కలవు. కంటికి కట్టు కట్టుకొని అతడు మరల పనిలో దిగెడివాడు.

1825లో ఒక విచిత్రమైన పని ఆయనకు వచ్చెను. నూనెను వేడిచేసి పుట్టించిన వాయువును గట్టి పాత్రలలో ఒత్తిడితో నింపి, దీపములు వెలిగించుకొనుటకు ఇండ్లకు చేరవేయు వ్యాపారము లండనులో నడుచుచుండెను. నేడు మన యిండ్లకు వచ్చు సిలిండరు వంటిదే ఆ పాత్ర. ఆ పాత్రల యడుగున ఒక నూనెవంటి ద్రవము మిగులుచుండెను. అది ఏమో తేల్చుటకు ఫారడే పూనుకొని, దానినుండి ఒక క్రొత్త పదార్థమును వేరుచేసెను. అదియే తరువాతికాలమున బెంజీను అని పేరుపొంది రంగుల పరిశ్రమకును, మందుల పరిశ్రమకును మూలద్రవ్యమయ్యెను. ఈ విధముగా వంటింటి వాయువును, విద్యుత్తును రెండింటిని ఎరిగిన శాస్త్రజ్ఞుడు ఆయన.

ఫారడే కీర్తికి శిఖరము 1831వ సంవత్సరము. ఆ యేడు ఆగష్టు 29వ తేదీన ఆయన ఒక ఇనుప వలయమునకు రెండు ప్రక్కల రెండు తీగచుట్టలు చుట్టెను. ఒక చుట్టలో విద్యుత్తును ప్రవేశపెట్టిన క్షణమునను, ఆపిన క్షణమునను రెండవ చుట్టకు తగిలించిన సూది కదలెను. కొన్ని వారములకు, తీగచుట్టలో అయస్కాంతమును ముందునకు వెనుకకు కదలించినంతనే విద్యుత్తు పుట్టునని తేలెను. అయస్కాంతపు ధ్రువముల నడుమ రాగి పళ్లెమును త్రిప్పి ఎడతెగని ప్రవాహమును కూడ ఆయన సాధించెను. లోకములోని విద్యుదుత్పత్తి కేంద్రములలో అత్యధిక భాగము ఈ సూత్రముపైననే ఆధారపడియున్నవి. నిజాంసాగరము వద్ద వెలసిన జలవిద్యుత్కేంద్రములో నీరు చక్రమును త్రిప్పుటయు, చక్కెర కర్మాగారములలో చెరకుపిప్పిని మండించి పుట్టించిన ఆవిరి చక్రమును త్రిప్పుటయు ఆ కమ్మరి కుమారుడు చూపిన దారిలోనివే.

విద్యుత్తును పుట్టించు మార్గమును చూపిన ఫారడే, దానినుండి రక్షణ పొందు మార్గమును కూడ చూపెను. 1836 జనవరిలో రాయల్ ఇన్‌స్టిట్యూషను ఉపన్యాసశాలలో ఆయన ఒక పెద్ద పంజరమును నిర్మించెను. పన్నెండడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు గల చెక్క చట్రమునకు రాగితీగలు అల్లి, కాగితము కప్పి, తగరపు రేకుల పట్టీలు అతికించి, లోహభాగములన్నింటిని ఒకదానితో నొకటి కలిపెను. నేలతో సంబంధము లేకుండ దానిని నిలిపి, బలమైన యంత్రముతో దానికి విద్యుత్తు నెక్కించెను. వెలుపలి ముఖములనుండి పెద్ద పెద్ద నిప్పురవ్వలు ఎగురసాగెను. ఫారడే ఆ పంజరములోనే యుండెను. వెలుగుచున్న కొవ్వొత్తులను, స్వల్పమైన విద్యుత్తునైనను పసిగట్టు సాధనములను తనతో నుంచుకొని లోపలి భాగమంతయు పరీక్షించెను. వెలుపల అంత అలజడి జరుగుచున్నను లోపల ఏ సాధనమునందును చలనము కలుగలేదు. ఆయనకు ఏ హానియు కలుగలేదు.

దీనికి కారణము సులభముగా బోధపడును. లోహములన్నియు ఒకటిగా కలుపబడినందున పంజరము నలువైపుల విద్యుత్ మట్టము ఒక్కటే. లోపల హెచ్చుతగ్గులు లేవు కనుక అచ్చట ప్రవాహము లేదు. ప్రవాహము లేనిచోట ఘాతము లేదు. వీథిలోని విద్యుత్తీగపై పిచ్చుక నిశ్చింతగా వ్రాలుట మనము చూచుచునే యున్నాము. దాని రెండు కాళ్లును ఒకే తీగపై నున్నవి కనుక వాని నడుమ మట్టభేదము లేదు. అదే పక్షి రెక్క ప్రక్కతీగను గాని, ఎర్తుతో కలిసిన ఇనుప స్తంభమును గాని తాకిన క్షణమున దాని ప్రాణము పోవును. అపాయము విద్యుత్తునందు కాదు, మట్టభేదమునందు ఉన్నది. ఇదియే ఫారడే పంజరము నేర్పిన పాఠము.

లండను నగరమున ఆ కాలమునాటికే వీథులలోను, సభాశాలలలోను గ్యాసు దీపములు వెలుగుచుండెను. మండిన వాయువునుండి వెలువడు ఆవిరి, పొగ గదిలోనే నిలిచి మనుష్యులకు ఉక్కిరిబిక్కిరి కలిగించుచు, గ్రంథాలయములలో పుస్తకముల అట్టలను చెరుపుచుండెను. దీపస్తంభములలో గాజుపలకలపై తేమ పట్టి వెలుతురు తగ్గి నావికులు చిక్కుపడుచుండిరి. ఫారడే ఈ సమస్యను చేపట్టి, దీపపు పొగను గొట్టముద్వారా వెలుపలికి కొనిపోవు ఉపాయమును కనుగొనెను. దానివలన ధనము సంపాదించుటకు ఆయన తలంపలేదు. అప్పటికి అన్న రాబర్టు గ్యాసు దీపములు, గొట్టములు అమర్చు వృత్తిలో స్థిరపడియుండెను. ఫారడే ఆ ఉపాయమును అన్నకు ధారపోసెను. 1843లో రాబర్టు దానికి పేటెంటు పొందెను. ముప్పదిమూడేండ్లకు మునుపు షిల్లింగులిచ్చి తమ్ముని శాస్త్రమునకు పంపిన అన్నకు, ఆ శాస్త్రమే ఈ రీతిగా ప్రత్యుపకారము చేసెను.

1844 సెప్టెంబరు 28వ తేదీన ఇంగ్లండు ఉత్తరభాగమునందలి హాస్వెల్ బొగ్గుగనిలో ఘోరమైన ప్రేలుడు సంభవించెను. తొంబదియైదుగురు పురుషులును, బాలురును మరణించిరి. విచారణకు ప్రభుత్వము ఫారడేను, భూగర్భశాస్త్రజ్ఞుడగు చార్లెస్ లయెల్‌ను పంపెను. ఫారడే సాక్షులను న్యాయవాదివలె నేర్పుగా ప్రశ్నించెను. ఇరువురును గనిలోనికి దిగి గంటల తరబడి సొరంగములను పరిశీలించిరి. గాలి ఎంత వేగముగా వీచుచున్నదో తెలిసికొనుటకు అచ్చటి పనివారు చిటికెడు తుపాకిమందును కొవ్వొత్తి మంటపై రాల్చి, ఆ పొగ కదలికను గడియారముతో లెక్కించుచుండిరి. ఆ మందును ఎచ్చట దాచుదురని ఫారడే అడిగెను. సంచిలో నుంతుమని వారు చెప్పిరి. సంచి ఎచ్చటనని మరల అడుగగా, తాము గౌరవముతో ఆయనకు ఆసనముగా వేసినది ఆ సంచియేనని వారు బదులుచెప్పిరి. అలవాటుపడినవానికి అపాయము కనబడదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

గనిలో పుట్టిన వాయువు మాత్రమే ప్రేలుడునకు కారణము కాదనియు, గాలిలోనికి లేచిన సన్నని బొగ్గుపొడికూడ అంటుకొని మంటను దూరదూరములకు వ్యాపింపజేసెననియు వారు నివేదించిరి. ఆ మాటను చాలకాలము పెక్కురు పట్టించుకొనలేదు. కాని అది సత్యమని తరువాత స్థిరపడెను. మండు స్వభావముగల ఏ సన్నని పొడియైనను గాలిలో నిండినప్పుడు ప్రేలగలదు. చక్కెర పొడియు అట్టిదే. అందుచేతనే చక్కెరను ఆరబెట్టు చోటను, సంచులకెత్తు చోటను యంత్రముల లోహభాగములను ఒకదానితో నొకటి కలిపి ఎర్తు చేయుదురు. అట్లు చేసినచో రాపిడివలన విద్యుత్తు పోగుపడి రవ్వ పుట్టదు. హాస్వెల్ మృతుల భార్యాబిడ్డల కొరకు చందాలు వసూలగుచుండగా ఫారడే తన వంతును పెద్దమొత్తముగా ఇచ్చెను. తనతోడి లయెల్‌కు సైతము ఆ సంగతి చెప్పలేదు. తాను ఇచ్చినానని తెలిసినచో మిత్రుడు మొగమోటముచేత ఇయ్యవలసివచ్చునేమోయని ఆయన సంకోచము.

ఫారడే జీవితమంతయు ఇట్టి నిరాడంబరతయే కానవచ్చును. సర్ అను బిరుదమును ఆయన స్వీకరింపలేదు. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని రెండు పర్యాయములు వలదనెను. కాని బాలబాలికలకు శాస్త్రమును బోధించు అవకాశమును మాత్రము విడిచిపెట్టలేదు. క్రిస్మసు సెలవులలో పిల్లలకై ఏర్పాటైన ఉపన్యాసమాలను 1827 నుండి 1860 వరకు పందొమ్మిది పర్యాయములు ఆయనయే నిర్వహించెను. ఒక మామూలు కొవ్వొత్తిని చేతబట్టి అది ఎట్లు వెలుగుచున్నదో వివరించుచు, ప్రకృతి నియమములలో పెక్కింటిని పిల్లలకు తెలియజెప్పిన ఆ ప్రసంగములు ప్రపంచప్రఖ్యాతి నొందినవి.

వార్ధక్యమున ఆయన జ్ఞాపకశక్తి సన్నగిల్లెను. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు వద్ద ఆయన నివాసమునకు ఒక గృహమును ఇచ్చెను. 1867 ఆగష్టు 25వ తేదీన ఆ యింటిలో కుర్చీలో కూర్చుండియే ఆయన శాంతముగా కన్నుమూసెను. ఆయన కోరినట్లే ఆడంబరమేమియు లేకుండ లండనులోని హైగేటు శ్మశానమున ఆయనను ఖననము చేసిరి.

ఫారడేకు గణితమందు శిక్షణ లేదు. ఆయన భావములకు గణితరూపము నిచ్చినవాడు జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్. ఆయనయే ఫారడే పంజరమును గృహరక్షణకు కూడ అన్వయించెను. 1876లో పిడుగులనుండి కట్టడములను కాపాడుటను గూర్చి ప్రసంగించుచు, తుపాకిమందు తయారుచేయు కట్టడము చుట్టును లోహపు తీగలను పంజరమువలె అమర్చవలెనని సూచించెను. వెలుపలినుండి నీటిగొట్టము గాని, గ్యాసు గొట్టము గాని లోపలికి వచ్చుచో దానిని కూడ ఆ తీగలతో కలుపవలెనని చెప్పెను. ఒక్క గొట్టమును విడిగా వదలినచో పంజరమునకు, ఆ గొట్టమునకు నడుమ మట్టభేద మేర్పడి, అచ్చటనే రవ్వ రాలును. గండి పడవలసిన గట్టు ఒక్కటి మిగిలిపోయినట్లే అగును.

నేటి గృహములలో ఈ నియమము ఎట్లు పనిచేయునో చూతము. నిజామాబాదు పట్టణములోని యొక వంటశాలకు గ్యాసు లోహపు గొట్టముద్వారా వచ్చుచున్నదనుకొందము. ఎలుక కొరుకుటవలననో, ఎండకు తొడుగు చిట్లుటవలననో ఒక విద్యుత్తీగ ఆ గొట్టమునకు తగిలినది. గొట్టము చూచుటకు ఎప్పటివలెనే యుండును. కాని దాని విద్యుత్ మట్టము పెరిగియుండును. ఇంటి యిల్లాలు ఒక చేతితో గొట్టమును, మరొక చేతితో నీటికుళాయిని తాకినచో విద్యుత్తు ఆమె దేహముగుండ ప్రవహించును. గొట్టమునకును మరొక లోహమునకును నడుమ రవ్వ పుట్టి, అదే సమయమున కీలువద్ద గ్యాసు కారుచున్నచో ఇల్లే అంటుకొనును.

దీనిని నివారించుటకు గ్యాసు గొట్టమును, నీటి గొట్టమును ఇంటి ముఖ్యమైన ఎర్తు బిందువునకు రాగితీగతో గట్టిగా కలుపుదురు. ఎలక్ట్రీషియనులు దీనిని బాండింగు అందురు. అట్లు కలిపినచో గొట్టమునకు, కుళాయికి నడుమ మట్టభేదము స్వల్పమగును. లోపమువలన గొట్టమునకు చేరిన విద్యుత్తు ఆ రాగితీగవెంట సులభముగా పోవును. ప్రవాహము హెచ్చుటచే ఫ్యూజు కాలుటయో, రక్షకపు స్విచ్చి పడిపోవుటయో జరిగి సరఫరా నిలిచిపోవును. గొట్టము ఇంటిలోనికి ప్రవేశించు చోటికి సాధ్యమైనంత చేరువలో ఈ తీగను బిగింపవలెను. భారతదేశమున ఎర్తు పద్ధతులను నిర్దేశించు భారతీయ ప్రమాణము 3043 కూడ లోహపు గొట్టములను ఇట్లు కలుపవలెననియే చెప్పుచున్నది.

ఇచ్చట ఒక భేదమును మరువరాదు. గ్యాసు గొట్టమును ఎర్తునకు కలుపుట వేరు. గ్యాసు గొట్టమునే ఎర్తుగా వాడుకొనుట వేరు. మొదటిది రక్షణ, రెండవది నిషిద్ధము. నేలలో ప్రత్యేకముగా పాతిన ఎర్తు లేకుండ, యంత్రముల విద్యుత్తునంతయు గ్యాసు గొట్టముమీదనే పంపినచో ఏదో యొక కీలు వదులైననాడు గ్యాసున్న చోటనే రవ్వ పుట్టును. ఈ పనులను శిక్షణ పొందిన ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలెను. సిలిండరునకు తగిలించు రబ్బరు గొట్టమునకు ఈ తీగతో పనిలేదు. అది లోహపు గొట్టములకు మాత్రమే. ఇంటిలో గ్యాసు వాసన వచ్చినప్పుడు ఏ స్విచ్చిని వేయరాదు, తీయరాదు. రెగ్యులేటరును మూసి, తలుపులు కిటికీలు తెరువవలెను.

పొలములలో మోటారు నడుపు రైతునకును ఈ నియమమే వర్తించును. స్టార్టరుపెట్టె ఇనుముతో చేసినదైనచో దానికి సరియైన ఎర్తు ఉండవలెను. తడిసిన నేలపై వట్టి కాళ్లతో నిలిచి ఎర్తు లేని పెట్టెను ముట్టుట ప్రాణాంతకము. ఎన్నడును ఏమియు కాలేదు గదా యని ధైర్యపడువారు, తుపాకిమందు సంచిని ఆసనముగా వేసిన గనిపనివారివంటివారు.

ఎర్తు తీగ ఎవ్వరి దృష్టిని ఆకర్షింపదు. దీపమువలె వెలుగదు, పంకావలె తిరుగదు. లోపమేమియు లేనంతకాలము దానివలన ప్రయోజనమే లేనట్లుండును. కాని ఆపద వచ్చిన క్షణమున ఇంటిల్లిపాదిని కాపాడునది అదియే. పేదయింట పుట్టి, అన్న యిచ్చిన షిల్లింగులతో శాస్త్రము నేర్చి, ధనమును బిరుదములను కోరక లోకమునకు మేలు చేసిన ఫారడే జీవితము విద్యార్థులకు ఆదర్శప్రాయము. ఆయన చూపిన మార్గమున పుట్టించిన విద్యుత్తును అనుభవించుచున్న ప్రతి యొక్కరును, ఆయన నేర్పిన జాగ్రత్తను కూడ పాటించుట ఆ మహనీయునికి చెల్లింపవలసిన ఋణము.